అటక మీది కొత్త రౌటర్

పోయిన వారం నాగదుర్గను మనం వెనక గదిలో, మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుని ఉండగా వదిలేశాం. విశాఖపట్నంలో ఆమె చెల్లెలు శ్రీసుధకు జరగాల్సిన అంత్యక్రియలూ కర్మలూ అన్నీ జరిగిపోయాయి. తోడబుట్టిన అక్క ఒక్కదానికీ వెళ్ళలేకపోయింది. రెండుసార్లు కడుపు పోయాక, ఇన్నేళ్ళకు నిలిచిన బిడ్డ ఇది. ఏడో నెల. మంచం దిగి తిరగొద్దని రాజమండ్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే చెల్లెల్ని ఆఖరిసారి చూసింది కూడా ఫోన్ తెర మీదే. ఆ చూపైనా నిండుగా దక్కలేదు. "అక్కా, నీకో మాట చెప్పాలే. మధ్యలో అడ్డు రాకుండా విను" అని సుధ మొదలుపెట్టగానే ఇంట్లో వైఫై పోయింది. ఆ పొద్దు గూకకముందే సుధ కూడా పోయింది.

సుధ కూతురు పండు, నాలుగేళ్ళ పిల్ల, తల్లి ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. దాని తండ్రి లోకనాథ్ ఆదివారం వచ్చి తీసుకెళ్తానని కబురు చేశాడు. జంగారెడ్డిగూడెంలో వాళ్ళన్నయ్య ఇంట్లో ఉంచుతాడట.

ఇక శుక్రవారం పొద్దున్న, ఎండ ఇంకా కాలవగట్టు దాటి వాకిట్లోకి రాకముందే, గుమ్మం ముందు మోటారుసైకిలు ఆగింది. ఊళ్ళో నెట్ కనెక్షన్లు చూసే రాముడు.

"బాబుగారూ, ఉన్నారా అండీ?"

"రా రాముడూ. అది మొత్తానికే పోయింది. మార్చేద్దాం" అన్నాడు గణేష్‌బాబు.

మార్చేద్దాం. మొగుడి నోటి వెంట ఆ మాట వినాలని నాగదుర్గ ఎన్ని సాయంత్రాలు బతిమాలిందో!

ఆ ఊళ్ళో ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం. చుట్టూ కొబ్బరితోటలు, ఒకపక్క ఎత్తైన కాలవగట్టు. మేడెక్కి పిట్టగోడ దగ్గర నిలబడితే అవతలి మాట వినిపిస్తుంది. కిందికి దిగితే వినపడదు. మెట్లెక్కకూడని మనిషికి వైఫై ఒక్కటే దారి. ఆ వైఫై పెట్టె గృహప్రవేశం నాటిది. హాల్లో టీవీ పక్కన అరలో ఉంటుంది. దానికీ నాగదుర్గ పడుకునే గదికీ మధ్య రెండు గోడలు. ఆపి మళ్ళీ వేస్తేగాని పనిచెయ్యని రోజులే ఎక్కువ. మధ్యాహ్నమయ్యేసరికి దాని మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. పండు టీవీలో బొమ్మలు పెట్టుకుందంటే ఇక్కడ ఫోన్లో సుధ మొహం ముక్కలు ముక్కలైపోయేది. రాముడు ఓసారి చూసి చెప్పాడు కూడా. "దీని పనైపోయిందండి. కంపెనీవాళ్ళు దీనికి అప్‌డేట్లు ఇవ్వడం కూడా మానేశారు. ఇంట్లో ఫోన్లు పెరిగాయి, టీవీ వచ్చింది, ఇది లాగలేదండి."

గణేష్‌బాబు మాత్రం, "చూద్దాంలే దుర్గా, కొబ్బరి దింపు అవ్వనీ" అన్నాడు. దింపు అయింది. "ఈ వానలు తగ్గనీ" అన్నాడు. తగ్గాయి. అతనేమీ పిసినిగొట్టు కాదు. పెళ్ళాం కాలికి తగులుతుందని గదుల గడపలన్నీ చెక్కించిన మనిషి. అలాంటివాడు ఈ ఒక్క పెట్టె దగ్గర ఎందుకంత మొండికేశాడో ఆమెకు అర్థం కాలేదు. అడిగి అడిగి విసిగిపోయింది. సుధ పోయాక అది విసుగుగా మిగల్లేదు. మొగుడు అన్నం పళ్ళెం తెచ్చి పెడితే తింటోంది, మందులిస్తే మింగుతోంది, మొహం మాత్రం చూడటం లేదు.

"ఏవండీ" అని పిలిచింది.

గణేష్‌బాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అన్నం, మందులు ఇవ్వడానికి తప్ప ఈమధ్య అతను గదిలోకి రావడం మానేశాడు.

"ఇప్పుడెందుకండీ అది?"

"ఏ కబురూ రావట్లేదు దుర్గా. డాక్టరమ్మతో మాట్లాడాలన్నా మేడెక్కాల్సొస్తోంది."

"ఆవిడతో మీరే మాట్లాడుతున్నారుగా. నేను మాట్లాడే మనిషి పోయింది. అది ఉన్నన్నాళ్ళూ మార్చలేదు. ఇప్పుడు మార్చి ఎవర్ని చూపిస్తారు నాకు?"

అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మంచం పక్కన చాప మీద పండు రంగు పెన్సిళ్ళతో ఇల్లు గీస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"పెద్దమ్మా, కొత్త వైఫై పెడితే అమ్మ కనిపిస్తుందా?"

నాగదుర్గ చెయ్యి చాచి పిల్ల తల నిమిరింది. "ఆ కిటికీకి పచ్చరంగు వెయ్యమ్మా" అంది. పిల్ల పచ్చ పెన్సిలు వెతుక్కోవడంలో పడిపోయింది.

హాల్లో నిచ్చెన లాగిన చప్పుడయింది. ఏవో గిన్నెలు జరిపారు. కాసేపటికి రాముడి గొంతు.

"అదేంటండీ బాబుగారూ, పై కవరు కూడా చింపలేదు! నాట్ల ముందు నేను తెచ్చిచ్చింది ఇదే కదండీ? ఇన్నాళ్ళూ అటక మీదే ఉంచేశారా?"

గణేష్‌బాబు 'ష్' అన్నట్టుంది. రాముడి గొంతు ఆగిపోయింది.

నాట్ల ముందు. అంటే సుధ ఆసుపత్రిలో చేరిన కొత్తలు. అప్పటినుంచీ కొత్త రౌటరు ఇంట్లోనే, ఆ అటక మీదే ఉంది! తాను ఇక్కడ పడుకుని, "సుధా, వినపడుతోందా? ఒసే సుధా!" అని ఫోన్లోకి అరుస్తున్నప్పుడు, తెర మీద చెల్లెలి నోరు సగం తెరుచుకుని అలాగే బిగుసుకుపోయినప్పుడు, ఆ పెట్టె అటక మీదే ఉంది.

నాగదుర్గ రెండు చేతులూ మంచం మీద ఆనించి లేచింది. కడుపు కింద చెయ్యి వేసుకుని, గోడ పట్టుకుని హాల్లోకి నడిచింది.

రాముడి చేతిలో పెట్టె ఉంది. మీద దుమ్ము, ఒక మూల సాలెగూడు. చుట్టిన కవరు చుట్టినట్టే ఉంది. ఆమెను చూడగానే గణేష్‌బాబు గభాల్న ముందుకొచ్చాడు.

"ఎందుకు లేచావు? నువ్వు నడవకూడదు కదా!"

ఆమె అతనికేసి చూడలేదు. "రాముడూ, కాస్త బయట స్తంభం దగ్గర వైరు బాగుందేమో చూసిరా."

"వైరు బాగానే..." అని, ఆమె మొహం చూసి, "ఆయ్, అలాగేనండి" అంటూ పెట్టె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇది ఎన్నాళ్ళనుంచి ఇంట్లో ఉంది?"

"కూర్చో దుర్గా. కూర్చుంటే చెప్తాను."

"నిలబడే వింటాను."

అతను కుర్చీ లాక్కొచ్చి ఆమె వెనకాల పెట్టాడు. ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నువ్వు అడిగిన వారంలోనే తెప్పించాను. మర్నాడు పెట్టిద్దామనుకున్నాను. ఈలోగా పండుని తీసుకురావడానికి విశాఖ వెళ్ళాను కదా..."

"ఆఁ."

"అక్కడ సుధ వద్దంది."

"ఏం వద్దంది?"

"కొత్తది పెట్టొద్దంది."

నాగదుర్గకు ఒళ్ళు మండిపోయింది. "చచ్చిపోయిన దాని మీదకు తోస్తున్నారా? రోజూ నాతో మాట్లాడ్డానికి ముఖం వాచిపోయిన పిల్ల, నెట్ బాగుచేయించొద్దందా? ఎవరికి చెప్తారండీ ఈ కబుర్లు?"

గణేష్‌బాబు గోడకి ఆనుకుని నేలమీద చతికిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. కొబ్బరిచెట్టు ఎక్కి దిగినా ఆయాసపడడు. నేలకేసి చూస్తూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజు అతను వెళ్ళేసరికి లోకనాథ్ మందుల కోసం కిందికి వెళ్ళాడు. సుధ ఒక్కతే ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా దగ్గు తెర వచ్చింది. మామూలు దగ్గు కాదు. మనిషి మంచం మీద విల్లులా వంగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. నర్సు వచ్చి ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం సరిచేసి, ఒళ్ళు పట్టుకుని కూర్చోబెట్టింది. తెర తగ్గాక సుధ మొహం తుడుచుకుని, బావగారి మొహం చూసి నవ్వింది.

"భయపడ్డారా బావగారూ? ఇది రోజూ ఉండేదే. డాక్టర్లు నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. అక్కకి మాత్రం తగ్గుతోందనే చెప్పండి" అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. "మీరు మగవాళ్ళు, మీకే కాళ్ళు వణికాయి. అక్క ఇది చూస్తే ఏమైపోతుంది? రెండుసార్లు పోగొట్టుకుంది. ఈసారి నా మూలంగా పోకూడదు. అలాగని అక్కతో మాట్లాడకుండా నేనుండలేను."

"నువ్వే ఫోన్ పెట్టెయ్యొచ్చు కదమ్మా" అన్నాడు గణేష్‌బాబు.

"నేను పెట్టేస్తే దానికి తెలిసిపోదూ? చిన్నప్పటినుంచీ నా మొహం చూసి కడుపులో మాట చెప్పేస్తుంది. మీ వైపునుంచి పోవాలి. మీ వైఫై పాతది కదా, అదే పోయిందనుకుంటుంది. మిమ్మల్ని నాలుగు తిట్టి ఊరుకుంటుంది. ఆ పాత డబ్బాని మార్చకండి బావగారూ. నా మీద ఒట్టు."

గణేష్‌బాబు ఇక్కడ ఆగాడు. లుంగీ అంచు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

"దానికొక గుర్తు పెట్టుకున్నాం. దగ్గు తెర వస్తోందని తనకి కాస్త ముందే తెలుస్తుందట. అప్పుడు నిన్ను ఒక మాట అడుగుతానంది. ఆ మాట వినపడితే నేను స్విచ్ ఆపెయ్యాలి."

"ఏం మాట?"

"'బావగారు భోంచేశారా' అని."

నాగదుర్గ కుర్చీలో కూర్చుండిపోయింది.

బావగారు భోంచేశారా. ఎన్నిసార్లు అడిగిందో ఆ మాట! పులస పులుసు సంగతి చెప్పుకుంటూ నవ్వుతుండగా ఉన్నట్టుండి అడిగేది. పండు పద్యం అప్పజెబుతుంటే మధ్యలో ఆపి అడిగేది. "తిన్నారే తల్లీ! నీకెప్పుడూ మీ బావగారి భోజనం గోలే. నా తిండి అడగవేం?" అని తాను వేళాకోళం చేసేది. ఆ వెంటనే తెర మీద మొహం బిగుసుకుపోయేది. "చూశారా, మళ్ళీ పోయింది మీ దిక్కుమాలిన డబ్బా!" అని హాల్లోకి కేకేసేది. హాల్లోంచి, "వస్తుందిలే, కాసేపు ఆగు" అని జవాబొచ్చేది. మళ్ళీ వచ్చేసరికి సుధ జుట్టు దువ్వుకుని, దుప్పటి సర్దుకుని, "ఏంటే అక్కా, మీ ఊళ్ళో నెట్టు, మీ కాలవలో నీళ్ళు రెండూ ఒక్కలాంటివే" అని నవ్వుతూ కనిపించేది.

సాయంత్రం పూట మొగుడు తోటకు వెళ్ళకుండా, టీవీ గొంతు పూర్తిగా తగ్గించి, ఆ అర పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పని ఎగ్గొట్టి కూర్చుంటున్నాడని ఎన్ని మాటలంది! అతను ఆ కుర్చీలో కూర్చుని విన్నదంతా ఆ ఒక్క మాట కోసమేనన్నమాట.

"ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు" అంది. "నాకు తగ్గుతోందని చెప్పారు. వచ్చే నెలకి లేచి తిరుగుతుందన్నారు. దానికి ఇష్టమని నేను గోంగూర పెట్టించి సీసాలకెత్తాను."

"నీ కోసమే దుర్గా..."

"నా కోసం కాదు! దగ్గితే దగ్గనీ. నల్లబడితే నల్లబడనీ. దానికి కోరింతదగ్గు వచ్చినప్పుడు నెలంతా ఒళ్ళో వేసుకుని కూర్చుంది ఎవరు? అమ్మా? నేను! పదేళ్ళ పిల్లని నేను. అప్పుడు చూడలేదా దాని బాధ? ఇప్పుడు చూడలేకపోయేదాన్నా? పక్కన లేకపోయినా, కనీసం 'ఓర్చుకోవే, నేనున్నాను' అనేదాన్ని. దగ్గు తెర వచ్చినప్పుడల్లా అది ఒక్కతే పడింది. నాకు నవ్వుమొహం చూపించి, అటు తిరిగి ఒక్కతే పడింది. అలా పడనిచ్చింది మీరు."

అతను తలెత్తలేదు. కళ్ళలోంచి నీళ్ళు ముక్కు పక్కనుంచి జారి గచ్చు మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. నాగదుర్గకు జాలి వేయలేదు. ఓదార్చాలనీ అనిపించలేదు.

అంతలో ఆమెకొకటి తట్టింది. ఆ ఆఖరి రోజు. రోజూ సాయంత్రం చేసే మనిషి ఆ రోజు మధ్యాహ్నమే ఫోన్ చేసింది. జుట్టు దువ్వుకోలేదు. నవ్వలేదు. "అక్కా, నీకో మాట చెప్పాలే" అంది.

"ఆగండి" అంది నాగదుర్గ. "ఆ రోజు అది మీ భోజనం సంగతి అడగలేదు. నాకు బాగా గుర్తుంది. అడగలేదు."

"అడగలేదు."

"మరెందుకు ఆపారు?"

గణేష్‌బాబు మొహం ఎత్తాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని మొహం ఆమె అలా ఎన్నడూ చూడలేదు.

"నేను ఆపలేదు దుర్గా."

"మరి?"

"నిజంగానే పోయింది."

వెనక గదిలో పండు తనలో తాను ఏదో పాడుకుంటోంది.

"అన్నం ముందు కూర్చున్నాను" అన్నాడతను. "లోపల నీ మాట వినపడుతోంది. సుధ ఏదో చెప్పాలంటోందని తెలుస్తోంది. స్విచ్ దగ్గరికి కూడా వెళ్ళలేదు నేను. దాని దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. పరిగెత్తాను. ఆపి వేశాను, వైరు పీకి పెట్టాను. పట్టుకుంటే చెయ్యి కాలింది. విసనకర్రతో విసిరాను దుర్గా, పిచ్చోడిలాగా, దానికి విసిరాను. వెలగలేదు. అప్పుడు అటక మీద కొత్తది గుర్తొచ్చింది. నిచ్చెనేసి ఎక్కాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. అది బిగించడం నాకు రాదు. రాముడు ఊళ్ళో లేడు. నీ ఫోన్ లాక్కుని మేడెక్కాను. సిగ్నల్ అందేసరికి లోకనాథే చేశాడు. అయిపోయిందన్నాడు."

ఆ రోజు మేడమీద నుంచి దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, నోరు తెరవలేక తల మాత్రమే అడ్డంగా ఊపిన మొగుడు ఆమెకు గుర్తొచ్చాడు. అతని చేతివేళ్ళు బొబ్బలెక్కి ఉండటం కూడా చూసింది. ఎందుకని అడగలేదు.

"ఇన్నాళ్ళూ నేను ఆపిన ప్రతిసారీ అది బాగానే ఉంది" అన్నాడు గణేష్‌బాబు. "ఉండాల్సిన ఒక్కసారి పోయింది. ఒట్టు వేయించుకున్న మనిషే చెప్పుకోలేకపోయింది. నాట్లప్పుడే పెట్టించేసి ఉంటే, కనీసం ఆ మాట..." అని, మోచేతిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

నాగదుర్గ చూస్తూ కూర్చుంది. ఇన్ని రోజులుగా కోపం ఒక్కటే ఆమెను లేవదీసి, కూర్చోబెట్టి, అన్నం తినిపించింది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. మొగుడిని క్షమించలేకపోయింది. తిట్టడానికీ నోరు రాలేదు. లోపల బిడ్డ ఒకసారి బలంగా కదిలింది. ఆమె అక్కడ చెయ్యి వేసుకుని, "ఉండమ్మా, ఉండు" అంది.

రాముడు గుమ్మం దగ్గర దగ్గాడు. "వైరు బాగానే ఉందండి. మళ్ళీ రమ్మంటే రేపొస్తానండి."

గణేష్‌బాబు గబగబా మొహం తుడుచుకున్నాడు. భార్య వంక చూశాడు.

"పెట్టు రాముడూ" అంది నాగదుర్గ. "ఆ అరలో వద్దు. వెనక గదికి దగ్గరగా, ఈ నడవలో పెట్టు."

"అక్కడైతే బాగా అందుద్దండి" అని రాముడు పనిలో పడ్డాడు. పాత పెట్టె ఊడదీస్తుంటే గణేష్‌బాబు అటు చూడకుండా వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

నాగదుర్గ తిరిగి మంచం చేరింది. ఒళ్ళంతా నీరసం. కళ్ళు మూసుకుంది. ఎంతసేపైందో తెలియదు, దిండు పక్కన ఫోన్ ఒక్కసారిగా గణగణ మోగడం మొదలుపెట్టింది. ఆగిపోయిన రోజులన్నిటి కబుర్లూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. బంధువుల పరామర్శలు, తెల్ల పువ్వుల బొమ్మలు. వాటి మధ్య ఎవరిదో తెలియని నంబరు నుంచి అందని పిలుపులు, మళ్ళీ మళ్ళీ అదే నంబరు. కింద ఒక ముక్క: 'అమ్మా, నేను దేవకుమారి. ఆసుపత్రి సిస్టర్‌ని. ఒక్కసారి మాట్లాడాలి.'

దేవకుమారి! సుధ చేతికి ఓపిక లేనప్పుడు ఫోన్ పట్టుకుని నిలబడే నర్సు. తెర మూలన తెల్ల యూనిఫాం చేతి అంచూ, బొటనవేలూ కనిపించేవి. అప్పుడప్పుడూ వంగి పలకరించేది. నాగదుర్గ ఆ నంబరు నొక్కింది.

అవతల వెంటనే ఎత్తారు. మెట్ల పక్కన ఎక్కడో నిలబడినట్టుంది. మొహం తేటగా, ఒక్క ముక్క చెదరకుండా కనిపించింది. సుధ మొహం ఎన్నడూ అంత తేటగా కనిపించలేదు. ఆ ఆలోచనకే నాగదుర్గ కళ్ళు నిండిపోయాయి.

"ఎన్నిసార్లు చేశానో అమ్మా. మీరు అందలేదు."

"మాకు నెట్ లేదు సిస్టర్. ఆ రోజు పోయింది పోవడమే. దాని మాట సగంలో..."

"సగంలో ఆగలేదమ్మా."

నాగదుర్గకు అర్థం కాలేదు.

"కట్టయిందని ఆవిడకి తెలీదు" అంది దేవకుమారి. "తెరకేసి చూసే ఓపిక లేదమ్మా, కళ్ళు మూసుకుని మాట్లాడుతున్నారు. ఫోన్ నా చేతిలో ఉంది. మీ మొహం పోయింది, నేను చూశాను. చెప్దామనుకున్నాను. చెప్తే ఆపేస్తారు, మళ్ళీ అంత ఊపిరి కూడదీసుకోలేరు. అందుకని ఫోన్ అలాగే పట్టుకున్నాను. ఆవిడ మొత్తం చెప్పేశారు. మీకే చెప్తున్నాననుకుని చెప్పారు."

"నేను విన్నాననుకుందా?" అడిగింది నాగదుర్గ.

"అవునమ్మా. చివర్లో నన్ను అడిగారు, 'అక్క విందిగా?' అని. 'విన్నారండీ, ఏడుస్తున్నారు' అన్నాను. అబద్ధమే చెప్పాను, దేవుడు నన్ను క్షమించాలి. 'ఏడుపెందుకే పిచ్చిదానా' అని నవ్వారు. తర్వాతింక మాట్లాడలేదు."

నాగదుర్గ కొంగు నోట్లో కుక్కుకుంది. పండు పెన్సిలు వదిలేసి వచ్చి మంచం అంచు పట్టుకుని నిలబడింది. దేవకుమారి ఓపిగ్గా ఆగింది.

"ఏం చెప్పింది సిస్టర్?"

దేవకుమారి వెనక్కి తిరిగి ఎవరైనా ఉన్నారేమో చూసుకుంది. "పాప ఇంకా మీ దగ్గరే ఉందా అమ్మా?"

"ఇదిగో, నా పక్కనే ఉంది. ఎల్లుండి వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తానన్నారు."

"పంపకండి."

"ఏంటి?"

"మొదట చెప్పిన మాటే అదమ్మా. 'అక్కా, పండుని ఆయనతో పంపకు. ఎవరు ఎంత చెప్పినా పంపకు' అన్నారు. ఆయన బయటికెళ్ళిన వేళ చూసుకుని మరీ మీకు ఫోన్ కలపమన్నారు. ఎందుకు పంపొద్దో కూడా చెప్పారు. అది..."

బయట కారు తలుపు పడిన చప్పుడయింది. వాకిట్లోంచి గణేష్‌బాబు గొంతు, తడబడుతూ. "లోకనాథ్! ఆదివారం అన్నావు కదయ్యా?"

"మనసు ఆగలేదు అన్నయ్యగారూ. వదినగారు లోపలున్నారా? పండూ! నాన్నొచ్చానమ్మా!"

పండు మొహం వెలిగిపోయింది. గుమ్మంవైపు పరిగెత్తబోయింది. నాగదుర్గ మంచం మీద నుంచి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఒక చేత్తో పిల్ల రెక్క పట్టుకుని, భుజంతో తలుపు నెట్టి, లోపల గడియ పెట్టింది. ఫోన్ చెవికి ఆనించుకుంది.

"చెప్పండి సిస్టర్" అంది. "తొందరగా చెప్పండి."